అమ్మకమునకై పెంచెడి సంస్థలు

ప్రకటనల సంస్థ నొకదానిని స్థాపించి, పెంచి, మంచి ధరకు విదేశీయుల కమ్మి వైదొలగుటయే వ్యాపార చాతుర్యమని నేడు మన యువకులకు బోధించుచున్నారు. అమ్ముకొనుట నేరమని మే మనము. అమ్మకమునకు సిద్ధపరచుట యను పేర జరుగుచున్న పనిని మాత్రము సహింపజాలము.

కొనువాడు చూచున దేమి? ఆదాయములో సగము ఒక్క వర్తకుని ఖాతానుండియే వచ్చుచున్నదా? ఒప్పందములు వ్రాతమూలకముగా నున్నవా? స్థాపకుడు లేనినాడు పని నడచునా? ఇవి న్యాయమైన ప్రశ్నలే. అమ్మదలపని యజమానియు వీనిని తన్ను దా నడుగుకొనవలయును. కాని ధర కట్టునది సాలుసరి లాభమును కొన్ని రెట్లు చేసి. లాభమున కైదు రెట్లు కట్టు బేరములో, ఖర్చున తగ్గించిన ప్రతి రూపాయియు ధరలో నైదు రూపాయలగును. ఈ గణితము నెరిగిన యజమాని యేమి చేయును? అమ్మకమునకు ముందు రెండేండ్లు క్రొత్తవారిని చేర్చుకొనడు, శిక్షణ మాన్పును, నలుగురి పని యిద్దరిచే చేయించును. లెక్కల పుస్తకము మెరయును, సంస్థ లోలోపల డొల్లయగును. సంతనాడు పొదుగు నిండుగా కన్పట్టుటకై దూడను విడువక ఆవును తోలుకొనిపోవువాని యుక్తి యిదియే గదా!

ఇందుకు భిన్నమైన మార్గము మనవా డొకడు చూపియే యున్నాడు. 1980లో అహమ్మదాబాదున ముద్రా సంస్థను నడుప బూనిన ఎ.జి. కృష్ణమూర్తి వినుకొండలో బుట్టిన తెలుగువాడు. చేత 35,000 రూపాయలు, విమల్ వస్త్రముల ఖాతా యొక్కటి, ఇంతే పెట్టుబడి. తొమ్మిదేండ్లలో ఆ సంస్థ దేశమున మూడవ స్థానమున కెక్కినది. తగిన పనివారు కావలసివచ్చినప్పుడు ఖర్చునకు వెరువక 1991లో మైకా యను విద్యాలయమునే నెలకొల్పినారు. ఆయన 2003లో విరమించిన పిమ్మటను సంస్థ నడచినది. 2011లో యజమానులైన అనిల్ అంబానీ వర్గమువారు అమెరికాకు చెందిన ఆమ్నికామున కమ్మినారు. ఆ నాటికి దానికి గల విలువ శిక్షణను కోసివేసి కూడబెట్టినది కాదు.

మరియొక యన్యాయము గలదు. కొనువారు ధరలో కొంతభాగమును రెండు మూడేండ్లు నిలిపి, తరువాతి లాభమును బట్టి చెల్లించుట పరిపాటి. ఆ లాభము నార్జించునది చిత్రకారులు, రచయితలు, గుమాస్తాలు. సొమ్ము చేరునది అమ్మినవానికి! ఆ నిలిపిన భాగములోనైనను పనివారికి వాటా వ్రాయించిన పిదపనే యజమాని సంతకము చేయవలెను. బేరము కుదిరిన వార్తను వారు పత్రికలలో చదువుకొను దుర్గతి కూడ తప్పవలెను.