పెరటి కోడికి ఇంటి దాణా

నాగారంలో ఇంటి వెనుక పది కోళ్లు పెంచుకునేవారు సేంద్రియ దాణా సొంతంగా కలుపుకోవాలనుకోవడం మంచి ఆలోచనే. కానీ ముందు లెక్క చూడాలి. గుడ్లు పెట్టే కోడి రోజుకు సుమారు 110 గ్రాములు తింటుంది. పది కోళ్లకు నెలకు 33 కిలోలు. అందులో 16 శాతం దాకా మాంసకృత్తులు ఉండాలి. నూకల్లో, మొక్కజొన్నలో ఉండేది 8, 9 శాతమే. ఆ లోటు తీర్చేది సోయా చెక్కో, వేరుశనగ చెక్కో. పచ్చి సోయా గింజలు పెడితే కోడికి సరిగా అరగవు, వేయించాల్సిందే. వేరుశనగ చెక్కకు వానాకాలంలో బూజు పడితే అందులోని అఫ్లటాక్సిన్ అనే విషం కోడి కాలేయాన్ని దెబ్బతీస్తుంది. రసాయనాలకు భయపడి ఇంత విషాన్ని ఇంట్లో నిల్వ చేసుకుంటామా?

సున్నం మాట చాలామంది మరిచిపోతారు. ఒక్కో గుడ్డు పెంకులో 2 గ్రాముల దాకా కాల్షియం ఉంటుంది. గింజలతో అది రాదు. ఆల్చిప్పల పొడి విడిగా గిన్నెలో పెట్టాలి.

రాజేంద్రనగర్‌లోని కోళ్ల పరిశోధన సంస్థ రూపొందించిన వనరాజా, గ్రామప్రియ కోళ్లు పెరట్లో తిరిగి పురుగూ ఆకూ ఏరుకు తినగలవు. అలా తిరిగే జాగా ఉన్న ఇంట్లో నూకలు, తవుడు, ఆకుకూరల తొడిమలతో సగం ఖర్చు కలిసొస్తుంది. జాలీలో బంధించిన కోళ్లకు మాత్రం గుడ్ల కోళ్ల కోసం అమ్మే లేయర్ దాణాయే మేలు. కోడిపిల్లల మీద మొదటి ఆరు వారాలు ప్రయోగాలు చేయకండి, స్టార్టర్ దాణాయే పెట్టండి.