స్టెంట్ వేశారని కొలెస్ట్రాల్ మాత్ర ఆపకండి

మెడ రక్తనాళానికి స్టెంట్ వేయించుకున్నవాళ్లకూ, వాళ్ల ఇంట్లోవాళ్లకూ ఈ హెచ్చరిక. కొలెస్ట్రాల్ మాత్రను మీ అంతట మీరు ఆపవద్దు. ఇప్పటికే ఆపేసి ఉంటే ఆలస్యం చేయకుండా మీకు వైద్యం చేసిన డాక్టరుతో మాట్లాడండి. పక్షవాతం రాకూడదనే కదా స్టెంట్ వేయించుకున్నది! ఆ పని స్టెంట్ ఒక్కటే చేయలేదు.

మెడకు రెండు పక్కలా దవడ కింద వేలు పెడితే కొట్టుకునేది కెరోటిడ్ ధమని. మెదడుకు అందే రక్తంలో ఎక్కువ భాగం ఈ రెండు ధమనుల గుండానే వెళుతుంది. దవడ కింద అది రెండుగా చీలుతుంది, కొవ్వు ఎక్కువగా పేరుకునేది ఆ చీలిక దగ్గరే. కొవ్వు పైపొర చిట్లితే దాని మీద రక్తం గడ్డకడుతుంది. ఆ గడ్డ ఊడి మెదడుకు కొట్టుకుపోతే మూతి వంకరపోతుంది, చెయ్యీ కాలూ పడిపోతాయి, మాట పోతుంది.

స్టెంట్ వేసేటప్పుడు సాధారణంగా గజ్జల్లోంచి సన్నని తీగ పంపి, ఇరుకైన చోట జల్లెడ కన్నాలున్న లోహపు గొట్టాన్ని విప్పుతారు. నాళం తెరుచుకుంటుంది, రక్తం పారుతుంది. చాలామందికి తెలియనిది ఏమిటంటే, అక్కడున్న కొవ్వును బయటకు తీయరు. దాన్ని గోడకేసి నొక్కి పెడతారు, అంతే. మెడ కోసి కొవ్వును ఒలిచి తీసే ఆపరేషన్ వేరే ఉంది. స్టెంట్ పడినవాళ్ల మెడలో ఆ కొవ్వు ఆ కన్నాల వెనకే ఉండిపోతుంది.

అందుకే తొలి 30 రోజులు గండం లాంటివి. కన్నాల్లోంచి కొవ్వు తునకలు జారవచ్చు, కొత్త లోహం మీద రక్తం గడ్డకట్టవచ్చు. అమెరికా, కెనడాల్లో 2,502 మందితో జరిగి 2010లో వెలువడిన క్రెస్ట్ అధ్యయనంలో స్టెంట్ వేయించుకున్నవారిలో 4.1 శాతం మందికి ఈ తొలి దశలోనే పక్షవాతం వచ్చింది. ఆస్పిరిన్, క్లోపిడోగ్రెల్ రెండూ కలిపి కనీసం నెల రోజులు వాడమనేది ఇందుకే. ఆ తర్వాత వాటిలో ఒకటి మామూలుగా జీవితాంతం కొనసాగుతుంది.

ఆ నెల గడిచాక ఇంట్లో అందరూ ఊపిరి పీల్చుకుంటారు. అసలు నిర్లక్ష్యం అప్పుడే మొదలవుతుంది. కాలువలో ఒక చోట పూడిక తీసినంత మాత్రాన ఎగువ నుంచి వచ్చే ఒండ్రు ఆగదు. రక్తంలో చెడు కొలెస్ట్రాల్, అంటే ఎల్‌డీఎల్, ఎక్కువగా ఉన్నంత కాలం మెడ రెండో వైపు నాళంలోనూ, మెదడు లోపలి నాళాల్లోనూ, గుండె నాళాల్లోనూ కొవ్వు పేరుకుంటూనే ఉంటుంది. అటోర్వాస్టాటిన్, రోసువాస్టాటిన్ వంటి స్టాటిన్ మాత్రలు ఎల్‌డీఎల్‌ను తగ్గించడమే కాదు, ఉన్న కొవ్వు మీది పొరను చిట్లకుండా గట్టిపరుస్తాయి. ఆ రెండో పని ఏ స్కానింగు రిపోర్టులోనూ అంకెగా కనబడదు, అందుకే దాని విలువ ఇంట్లోవాళ్లకు తెలియదు.

మాత్ర ఆపడానికి దారితీసేవి ముఖ్యంగా మూడు. మొదటిది ల్యాబ్ రిపోర్టు. మీ ఇంట్లో ఉన్న రిపోర్టు ఒకసారి తీసి చూడండి. ఎల్‌డీఎల్ ఎదురుగా మీ అంకె, దాని పక్క గడిలో సాధారణంగా '100 లోపు' అని ఉంటుంది. మీ అంకె 96 అయితే ల్యాబ్ దాన్ని నల్లటి అక్షరాల్లో ఎత్తి చూపదు, నార్మల్ కిందే లెక్క. ఆ గడి ఏ జబ్బూ లేనివారి కోసం వేసింది. మెడలో స్టెంట్ ఉన్నవారికి 96 ఎక్కువే. కొవ్వు పేరుకోవడం వల్ల పక్షవాతం వచ్చినవారికి ఎల్‌డీఎల్ 70 లోపు ఉండాలని అమెరికా గుండె, స్ట్రోక్ సంఘాల 2021 మార్గదర్శకాలు చెబుతున్నాయి. ముప్పు చాలా ఎక్కువగా ఉన్నవారికి 55 లోపు అని యూరప్ వైద్యులు అంటుంటే, మన దేశపు లిపిడ్ సంఘం ఇంకా దించి 50 లోపే ఉండమంటోంది. ఒకవేళ మీ అంకె 60కి దిగితే సంతోషమే, కానీ దాన్ని దించింది ఆ మాత్రే. ఆపిన కొద్ది వారాల్లో పాత అంకె తిరిగి వచ్చి కూర్చుంటుంది.

రెండోది కలిపి చేసిన క్యాప్సూలు. మన మందుల షాపుల్లో ఆస్పిరిన్, క్లోపిడోగ్రెల్, అటోర్వాస్టాటిన్ మూడూ ఒకే క్యాప్సూలులో దొరుకుతాయి. రోజుకొకటి మింగితే చాలు కాబట్టి సౌకర్యమే. ఇందులో రెండు చిక్కులున్నాయి. పన్ను తీయించుకునే ముందో, కంటి ఆపరేషన్‌కు ముందో 'రక్తం పలచబడే మందు ఆపండి' అని ఎవరో చెబుతారు. ఆపితే ఆ క్యాప్సూలులోని కొలెస్ట్రాల్ మందు కూడా ఆగిపోతుంది, ఆ సంగతి ఎవరికీ తట్టదు. పన్ను నొప్పి తగ్గాక ఆ స్ట్రిప్పు మళ్లీ తెరవనివాళ్లూ ఉంటారు. ఇక మోతాదు సంగతి. ఇలాంటి క్యాప్సూళ్లు చాలావాటిలో అటోర్వాస్టాటిన్ 10 లేదా 20 మిల్లీగ్రాములే ఉంటుంది. గట్టి మోతాదు అంటే 40 నుంచి 80. స్ట్రిప్పు వెనక చిన్న అక్షరాల్లో ఆ అంకె అచ్చు వేసి ఉంటుంది. డాక్టరు చీటీలో రాసినదీ, షాపులో ఇచ్చినదీ ఒకటేనా అని పోల్చి చూసుకోవాలి.

మూడోది భయం. స్టాటిన్ వాడితే కండరాలు అరిగిపోతాయని, కాలేయం చెడిపోతుందని వాట్సాప్‌లో రోజూ ఏదో ఒకటి తిరుగుతూనే ఉంటుంది. ఇబ్బందులు అసలే ఉండవని అనడం లేదు. కొందరికి ఒళ్లు నొప్పులు వస్తాయి, షుగరు వచ్చే అవకాశం కాస్త పెరుగుతుంది, చాలా అరుదుగా కండరాలు నిజంగానే దెబ్బతింటాయి. విపరీతమైన నొప్పులతో పాటు మూత్రం టీ డికాక్షన్ రంగులో వస్తే అది అత్యవసరం, వెంటనే ఆస్పత్రికి వెళ్లాలి. మామూలు నొప్పుల కథ వేరు. లండన్‌లోని ఇంపీరియల్ కాలేజీ పరిశోధకులు ఇబ్బందులు తాళలేక స్టాటిన్ మానేసిన 60 మందికి కొన్ని నెలలు స్టాటిన్, కొన్ని నెలలు మందు లేని ఉత్త మాత్ర, కొన్ని నెలలు ఏమీ ఇవ్వకుండా చూశారు. స్టాటిన్ వాడిన నెలల్లో వచ్చిన ఇబ్బందుల్లో 90 శాతం ఉత్త మాత్ర వేసుకున్నప్పుడూ వచ్చాయి. పడకపోతే మోతాదు తగ్గించవచ్చు, ఇంకో స్టాటిన్‌కు మారవచ్చు, ఎజెటిమైబ్ కలపవచ్చు, ఇంజెక్షన్లూ ఉన్నాయి. ఆ నిర్ణయం డాక్టరు గదిలో జరగాలి గానీ పక్కింటి అరుగు మీద కాదు.

ఈ మాత్ర చేసే మేలు ఊహ కాదు. పక్షవాతమో, దాని ముందస్తు సూచనో వచ్చిన 4,731 మంది మీద జరిగిన స్పార్కల్ అధ్యయనం 2006లో వెలువడింది. అటోర్వాస్టాటిన్ 80 మిల్లీగ్రాములు వాడినవారిలో దాదాపు అయిదేళ్లలో 11.2 శాతం మందికి పక్షవాతం వస్తే, ఉత్త మాత్ర వాడినవారిలో 13.1 శాతానికి వచ్చింది. మెడ నాళం ఇరుకైనవారిని విడిగా లెక్కిస్తే మేలు ఇంకా పెద్దది, వారిలో పక్షవాతం ముప్పు మూడో వంతు తగ్గింది. లక్షణాలు లేకుండా నాళం ఇరుకైనవారి మీద ఈమధ్యే ఫలితాలు వచ్చిన క్రెస్ట్-2 పరీక్షలోనూ స్టెంట్ వేసినవారిని మందుల నుంచి మినహాయించలేదు. వారికీ ఎల్‌డీఎల్ 70 లోపే లక్ష్యం.

తప్పంతా రోగి మీదికే నెడితే అన్యాయం. డిశ్చార్జి కాగితం చాలాచోట్ల ఇంగ్లీషులో, పొడి అక్షరాల్లో ఉంటుంది. 'ఇవి ఎన్నాళ్లు వాడాలి' అన్న ప్రశ్నకు 'నెల తర్వాత రండి' అన్నదే జవాబు. నెల మందులు అయిపోగానే కోర్సు పూర్తయిందని రోగి అనుకుంటే తప్పెవరిది? స్టెంట్ వేసిన ప్రతి ఆస్పత్రీ తెలుగులో ఒక్క కాగితం ఇవ్వాలి: మీ ఎల్‌డీఎల్ ఎంత లోపు ఉండాలి, మళ్లీ రక్తపరీక్ష ఏ తేదీన, ఏ మందు నెలే, ఏది జీవితాంతం. మోతాదు మొదలుపెట్టినా మార్చినా 4 నుంచి 12 వారాల్లో కొలెస్ట్రాల్ పరీక్ష చేయించాలి. స్టెంట్‌కు డబ్బు చెల్లించే ప్రభుత్వ ఆరోగ్య పథకాలు ఆ కాగితాన్ని తప్పనిసరి చేయాలి.

బీపీ, షుగరు అదుపులో లేకపోయినా, బీడీ, చుట్ట, సిగరెట్ మానకపోయినా మాత్ర ఒక్కటే కాపాడలేదు. స్టెంట్ వేసిన తొలి వారాల్లో బీపీ పెరిగి తలకు ఒక పక్క విపరీతమైన నొప్పి వస్తే అది మామూలు తలనొప్పి అనుకోవద్దు. ఒక్కసారిగా రక్తం ఎక్కువగా పారి మెదడు ఉబ్బే ప్రమాదం ఉంది.

మూతి వంకరపోయినా, ఒక చెయ్యి పైకి లేవకపోయినా, మాట ముద్దయినా, ఒక కంటికి తెర దించినట్టు చూపు పోయినా వెంటనే 108కి ఫోన్ చేయండి. పది నిమిషాల్లో అదే సర్దుకున్నా సరే, ఆస్పత్రికి వెళ్లాల్సిందే. గడ్డను కరిగించే ఇంజెక్షన్‌కు గడువు నాలుగున్నర గంటలు. లక్షణం మొదలైన సమయం రాసి పెట్టుకోండి. పసరు మందులకూ పావురం రక్తానికీ ఆ సమయాన్ని ధారపోయకండి. సీటీ స్కాన్ చేయించే ముందు ఇంట్లో ఆస్పిరిన్ వేయకండి, పక్షవాతం మెదడులో రక్తస్రావం వల్ల వచ్చినదైతే ఆ మాత్రే ప్రాణాల మీదికి తేవచ్చు. నోట్లో నీళ్లు కూడా పోయవద్దు, మింగలేక ఊపిరితిత్తుల్లోకి పోతాయి.

ఈ రాత్రే ఫైలు తీయండి. కొలెస్ట్రాల్ మాత్ర రోజూ వేసుకుంటున్నారా, దాని మోతాదు ఎంత, చివరిసారి ఎల్‌డీఎల్ ఎంత వచ్చింది, ఈ మూడూ ఒక కాగితం మీద రాయండి. మూడింటిలో ఏ ఒక్కదానికి జవాబు లేకపోయినా, ఎల్‌డీఎల్ 70 దాటినా, ఆ కాగితం పట్టుకుని ఈ వారంలోనే డాక్టరు దగ్గరికి వెళ్లండి. అప్పటిదాకా మాత్ర మాత్రం ఆపవద్దు.