చెడ్డ విత్తనమను సాకు

పాత హాలీవుడ్ చిత్రములలో ఒక తెగ కలదు. పాలుగారు మొగముగల బిడ్డ కత్తి పట్టును. ఇంటివారు ఒకరి వెనుక నొకరు కూలుదురు. కడవరకును తల్లి నమ్మదు. 1956లో వచ్చిన ‘ది బ్యాడ్ సీడ్’ మొదలుకొని 1976 నాటి ‘ది ఓమెన్’, 1978 నాటి ‘హాలోవీన్’ వరకును, ఆపైనను ఇట్టివి అనేకము వెలువడినవి. ఒకప్పుడు పట్టణములకే వచ్చి పోయిన యీ సరకు నేడు గుంటూరులోను ఒంగోలులోను ఫోనునందే దొరకుచున్నది. పిల్లలను నిద్రపుచ్చి తల్లిదండ్రులు వీనిని చూచుచున్నారు. పిల్లలను జోకొట్టి, ఆ పిల్లలను గూర్చియే భయపడుటకు కూర్చుండుట వింత గాదా?

భయమును మేము నిందింపము. భయానకము నవరసములలో నొకటి. బేతాళుని కథలు విని పెరిగిన జాతి మనది. చీకటిలో గుండె ఝల్లుమనుటయందును ఒక సుఖమున్నదని యెరుగుదుము. మా ప్రశ్న వేరు. భయపెట్టుటకు లోకమున నిన్ని వస్తువు లుండగా ఆరేండ్ల బిడ్డయే యేల కావలసివచ్చెను?

ఏలయనగా, ఆ బిడ్డ పెద్దలకొక మహోపకారము చేయుచున్నది. ‘ది బ్యాడ్ సీడ్’ కథను చూడుడు. 1954లో విలియం మార్చ్ రచించిన నవల దీనికి మూలము. రోడా యను చిన్నది, తనకు రావలసిన పతకము తోడి బాలునకు వచ్చెనని వానిని నీట ముంచి చంపును. తల్లి ఆరా తీయగా, తాను పెంపుడు కూతుర ననియు, తనను కన్నతల్లి పేరుమోసిన హంతకి యనియు తెలియును. అంతటితో చిక్కు వీడినది! పెంపకము నిర్దోషి, బడి నిర్దోషి, ఇరుగుపొరుగు నిర్దోషి. దోషమంతయు రక్తమున నున్నది. నవలలో బిడ్డ బ్రతికిపోవును. పాపము శిక్షింపబడి తీరవలెనని నాటి హాలీవుడ్ నియమావళి పట్టుబట్టుటచే చిత్రమున పిడుగు పడి చచ్చును. బిడ్డను చంపుటకు మనుష్యునకు చేతులాడక ఆకాశమును పిలిచిరి కాబోలు!

‘హాలోవీన్’ మరియొక మెట్టు పైకెక్కినది. ఆరేండ్ల బాలుడు అక్కను పొడిచి చంపును. ఏల చంపెనో చిత్రము చెప్పదు. ఏండ్ల తరబడి చూచిన వైద్యుడే, వానియందున్నది కేవల దుష్టత్వమని తేల్చి చేతులెత్తును. వైద్యుడే విడిచిన బిడ్డకు తలిదండ్రులు చేయగల దేమున్నది? చూచువారు హాయిగ నిట్టూర్చి నిద్రపోవచ్చును.

1981 నాటి ‘బ్లడీ బర్త్‌డే’ యను చిత్రము వీనన్నిటికంటె అల్పమైనదే గాని, మాకు మాత్రము మిక్కిలి ఉపకరించునది. సంపూర్ణ సూర్యగ్రహణవేళ ముగ్గురు శిశువులు జన్మింతురు. సూర్యచంద్రులు శనిని కప్పివేసిరట. దానిచే ఆ ముగ్గురికి దయాదాక్షిణ్యములు లేకపోయెనట. పదేండ్లు వచ్చునప్పటికి హత్యలు మొదలుపెట్టిరట. కథ జరిగినది కాలిఫోర్నియాలో. వ్రాసినవాడు మాత్రము మన పంచాంగకర్తకు శిష్యుడేమో యని మాకు సందేహము.

నవ్వుట సులభము. మన యిండ్లలో మాట యేమి? మూలా నక్షత్రమున పుట్టిన పిల్ల మామగారికి గండమని కుదిరిన సంబంధములు తప్పిపోవుట లేదా? పేగు మెడకు వేసుకొని పుట్టిన బిడ్డ మేనమామకు కీడని శాంతి చేయించి, ఆ మేనమామకు బిడ్డ మొగమును నూనెలోని నీడగా చూపుట లేదా? బొడ్డుత్రాడు మెడకు చుట్టుకొనుట నాలుగైదు కాన్పులలో నొకదానియందు కనిపించు సామాన్యవిషయము. శాస్త్రము నిజమైనచో ఈపాటికి ఆంధ్రదేశమున మేనమామలే మిగులకుందురు. బి.ఏ. చదివిన యిండ్లలోను ఆ నూనెగిన్నె వచ్చుచున్నది. కన్ను తెరవని పసికందుమీద హత్యానేరము మోపుటకు మనకు హాలీవుడ్ అక్కరలేదు.

ప్రత్తి, మిరప పండించు మన సీమవారికి విత్తనమనగా నేమో ఒకరు చెప్పవలసిన పనిలేదు. నకిలీ విత్తనముతో మోసపోయిన రైతు అమ్మినవానిని నిలదీయునుగాని మొలకను శపింపడు. 2021లో నల్ల తామరపురుగు పడి మిరపతోటలలో పూత రాలిపోయినప్పుడు, మొక్కయే పుట్టుకతో దుర్మార్గురాలని యెవరు ననలేదు. పురుగును వెదకిరి, దానికి మందును వెదకిరి. మొక్కకు చేసిన న్యాయమును బిడ్డకు చేయమేల?

చేయకుండుటయేగాక, ఆ అన్యాయమును చట్టముగ వ్రాసిన చరిత్ర మన పొలిమేరలోనే యున్నది. బాపట్లకు చేరువనున్న స్టువార్టుపురమును గూర్చి మేము చెప్పుచున్నాము. 1871లో ఉత్తర హిందూస్థానమున పుట్టిన నేరస్థ జాతుల చట్టము 1911లో మద్రాసు రాజధానికిని వ్యాపించెను. వడ్రంగి కొడుకు వడ్రంగియైనట్లు దొంగ కొడుకు దొంగయే యగునని దాని తర్కము. మన కులవృత్తులను చూపియే దొరలు ఈ వాదమును సమర్థించుకొనిరి. ఈ సాక్ష్యము వారికిచ్చినది మనమే. 1897లో దానికి చేసిన సవరణ, నాలుగేండ్లు నిండిన బిడ్డలను పదునెనిమిదవ యేటివరకు తల్లిదండ్రులనుండి వేరుచేసి ఉంచుటకు ప్రభుత్వములకు అధికారమిచ్చెను. నాలుగేండ్లు! హాలోవీన్ బాలునికంటె రెండేండ్లు చిన్న.

ఇంతకును ఎరుకలవా రెవరు? ఎద్దులమీద గాడిదలమీద ఉప్పు, ధాన్యము వేసికొని తీరమునుండి లోనిసీమలకు మోసి అమ్ముకొని బ్రతికినవారు. రైలు వచ్చెను, ఉప్పు సర్కారు గుప్పిట చిక్కెను, బేరము పోయెను. బ్రతుకుతెరువు పోయినవానిని చూచి, తెరువును గూర్చి యడుగక, రక్తము చెడ్డదనిరి. 1913లో సాల్వేషన్ ఆర్మీవారి యాజమాన్యమున సెటిల్‌మెంటు వెలసినది. మద్రాసు గవర్నరు సభలోని హెరాల్డ్ స్టువార్టు దొర పేరు దానికి పెట్టిరి. అనుమతి లేక యెల్ల దాటరాదు, హాజరు పలుకవలెను, చీరాల పొగాకు కంపెనీకి కూలికి పోవలెను. మద్రాసు రాష్ట్రము ఆ చట్టమును 1947లో తొలగించెను. దేశమంతటను 1952 ఆగస్టు 31న తొలగెను. 1970వ దశకమునుండి జాషువాగారి కుమార్తె హేమలతా లవణంగారు, లవణంగారు ఆ యూరిలో సంస్కరణకు పాటుపడిరి. రక్తము చెడ్డదని వారును నమ్మియుండినచో ఆ గ్రామమున అడుగు పెట్టియే యుండరు.

చట్టము పోయినది, చిత్రము మిగిలినది. 1991లో ఆ యూరి పేరుతోనే రెండు తెలుగు చిత్రములు వచ్చినవి. వానిలో నొకదాని పేరు ‘స్టువార్టుపురం దొంగలు’. 2023 అక్టోబరులో దసరాకు ‘టైగర్ నాగేశ్వరరావు’ విడుదలయ్యెను. పసితనముననే రక్తము రుచి మరగినవాడుగ ప్రకటనచిత్రమున నాయకుని పరిచయము చేసిరి. రోడాకు తెలుగు తమ్ముడు పుట్టినాడన్నమాట. ఒక భేదము మాత్ర మున్నది. రోడా కల్పితము, ఆమె కెక్కడను ఊరు లేదు, కులము లేదు. ఇచ్చట ఊరును ఉన్నది, కులమును ఉన్నది, ఆ యూరి బడిలో నేడు ఎనిమిదేండ్ల బిడ్డలును ఉన్నారు.

కొందరు, ఇది వినోదమే గదా, ఇంత కోపమేల యందురు. అన్ని చిత్రములను ఒక గాటను కట్టమని మేము కోరము. 1976లో స్పెయిను దేశమున సెర్రడార్ తీసిన ‘హూ కెన్ కిల్ ఎ చైల్డ్’ అను చిత్రమునను పిల్లలే హంతకులు. కాని అది యుద్ధములందును కరవులందును పెద్దలు చంపిన బిడ్డల నిజదృశ్యములతో ఆరంభమగును. చూచువానికి నిద్ర పట్టనీయదు. భయమన్న అది భయము. తక్కినవి నిద్రమందులు.

‘టైగర్’ చిత్రము తమ జాతిని కించపరచుచున్నదని పిటిషను పడగా, రాష్ట్ర హైకోర్టు విడుదలకు ముందే నిర్మాతలకు నోటీసులిచ్చెను. చిత్రమువారు తమ కథకు ఆధారము ‘నిజమైన వదంతులు’ అని ప్రకటించుకొనిరి. వదంతి నిజమగు టెట్లో మాకు బోధపడలేదు. ఆ వదంతిని మొదట కాగితముమీద వ్రాసి ముద్ర వేసిన ప్రభుత్వములోని దొర పేరు మాత్రము ఇప్పటికిని ఆ రైలుస్టేషను పలకమీద మూడు భాషలలో నున్నది.