దుబాయి ఎంత దూరము?

కొడిమ్యాలలో గల్ఫు వలస నెరిగిన యింట దుబాయి యెంత దూరమని యడిగినచో, "నాలుగు గంటలు" అని బదులు వచ్చును. ఆ మాట తప్పు కాదు. శంషాబాదు విమానాశ్రయమునుండి దుబాయి విమానాశ్రయమునకు ఆకాశమార్గమున దూరము సుమారు 2,550 కిలోమీటర్లు. మహారాష్ట్రమును, అరేబియా సముద్రమును దాటి విమానము రమారమి నాలుగు గంటలలో అచ్చట దిగును. మరలివచ్చునపుడు పడమటి గాలి తోడగుటచే తరచుగా అరగంట కలిసివచ్చును.

ఇందు గడియారము చేయు చిన్న మాయ యొకటి కలదు. దుబాయి కాలము భారతదేశ కాలమునకు గంటన్నర వెనుక. ఉదయము పది గంటలకు శంషాబాదున బయలుదేరినవాడు అచ్చటి గడియారము పండ్రెండున్నర చూపుచుండగా దిగును. రెండున్నర గంటలే పట్టినట్లు తోచును. అచ్చట పదింటికి బయలుదేరి వచ్చువాడు ఇచ్చట మధ్యాహ్నము మూడింటికి దిగును. ఐదు గంటలు పట్టినట్లుండును. బాలురు ఈ లెక్కను పలకమీద వేసి చూచినచో వినోదముగా నుండును.

అయినను నాలుగు గంటలనునది విమానపు లెక్క. మనుష్యుని లెక్క కాదు. కొడిమ్యాలనుండి కరీంనగరము మీదుగా శంషాబాదు చేరుటకే రెండువందల కిలోమీటర్లకు పైబడిన బాట. అందులకు ఐదారు గంటలు కావలెను. విమానమునకు మూడు గంటల ముందే అచ్చట నుండవలెను. దిగిన పిమ్మట తనిఖీలు, అటుపై బస చేరుట. ఇల్లు విడిచినది మొదలు పదునాలుగు, పదునైదు గంటలగును. సముద్రము దాటుటకంటె హైదరాబాదు దాటుటకే ఎక్కువ ప్రొద్దు పట్టుట వింత! ఒకప్పుడు జగిత్యాల, కోరుట్ల ప్రాంతముల కూలీలు పెక్కుమంది బొంబాయివరకు పోయి విమానమెక్కెడివారు. 2008 మార్చిలో శంషాబాదు విమానాశ్రయము ప్రారంభమైనది. బొంబాయి బాట చాలవరకు తప్పినది.

కావుననే దుబాయి దగ్గరయినదని కొందరందురు. ఆ మాట సగమే సత్యము. పోవుటకు దగ్గరయినది, వచ్చుటకు కాలేదు. వర్తకుడు తలచిననాడు వచ్చును. కూలికి పోయినవానికి ఒప్పందపు గడువు తీరవలెను, యజమాని సెలవీయవలెను, టికెట్టుకు సొమ్ము కూడవలెను, పోవునపుడు చేసిన అప్పు తీరవలెను. ఊరిలో తండ్రి కన్నుమూసిన వార్త ఫోనులో నిమిషమున చేరును. కొడుకు చితి చల్లారినను చేరలేడు. దూరమును గంటలలో చెప్పువారు ఈ సంగతిని లెక్కలోనికి తీసికొనరు.

సిరిసిల్ల ప్రాంతమునుండి కూలికి పోయిన ఐదుగురు ఒక హత్యకేసున శిక్షపడి దుబాయి చెరసాలలో నుండిరి. ఇంటివారు పెక్కేండ్లు ఎదురుచూచిరి. తుదకు వారు స్వగ్రామములకు మరలి వచ్చిరి. వారు దాటివచ్చిన సముద్రము అందరును దాటునదే. ఇల్లు చేరుటకు వారికి పదునెనిమిది యేండ్లు పట్టినది.