క్యాసెట్‌లో ఉన్నట్టే పాడాలా?

"పాట ఎప్పుడో అయిపోయింది కదరా, ఇంకా ఏం వాయిస్తున్నారు?" అన్నాడు మా వాడు.

జూలై సాయంత్రం, జెర్సీ సిటీ, హడ్సన్ ఒడ్డు. ఎదురుగా మాన్‌హాటన్ మేడల అద్దాల మీద ఎండ ఇంకా దిగలేదు. నీటి వాసనలో గంజాయి వాసన కలిసి వస్తోంది. గ్రేట్‌ఫుల్ డెడ్ పాటలు వాయించే ఒక స్థానిక బృందం ఉచిత కచేరీ అది. మొదలెట్టిన పాటకి అప్పటికి పన్నెండు నిమిషాలు. మావాడు ఫోన్‌లో రైలు టైము చూసుకుంటున్నాడు.

వాడి ప్రశ్నకి అప్పుడు జవాబు చెప్పలేదు. ఇప్పుడు చెప్తాను.

అంతకు నెల ముందు ఇద్దరం ఒక సినిమా పాటల నైట్‌కి వెళ్ళాం. స్టేజీ మీద కీబోర్డులు, డ్రమ్స్ అన్నీ ఉన్నాయి. కానీ సగం సంగీతం ట్రాక్ నుంచే వచ్చింది. గాయకుడు పల్లవి అందుకోగానే మావాడు నా భుజం తట్టి "అచ్చం ఒరిజినల్‌లా లేదూ!" అని మురిసిపోయాడు. ఒరిజినల్ ఇంట్లోనే ఉంది కదా! వంద డాలర్లు పోసి, గంటన్నర కారు నడుపుకుంటూ వెళ్ళింది దాని నకలు కోసమా? తప్పు గాయకుడిది కాదు. ఒక్క సంగతి మార్చి పాడితే "క్యాసెట్‌లో ఇలా లేదే" అని మొహం మాడ్చుకునేది మనం. ట్రాక్ పెట్టించింది మన భయమే.

"డెడ్ పాటలు వాయించేవాళ్ళదీ నకలే కదా" అంటారేమో. పాటలు వాళ్ళవి కావు, నిజమే. ఆ సాయంత్రపు దారి మాత్రం వాళ్ళదే. చరణాల తర్వాత గిటారిస్టు ఎటో వెళ్ళాడు, దారి తప్పాడు. మూడు నాలుగు నిమిషాలు ఏమీ కుదరలేదు. బేస్ వాయించే అమ్మాయి ఒకే స్వరం పట్టుకుని నిలబడింది. జనం లేవలేదు, అరవలేదు, ఆగారు. దారి దొరకగానే గడ్డి మీద కూర్చున్న వాళ్ళంతా ఒక్కసారి లేచారు. తప్పిపోయే హక్కు వాళ్ళకి ఇచ్చింది ఆ జనమే.

1965 నుంచి 1995 దాకా డెడ్ బృందం 2,300కు పైగా కచేరీలు చేసింది. 1984లో రికార్డు చేసుకునే శ్రోతలకి విడిగా చోటే కేటాయించింది. నిన్నటి పాట ఇవాళ్టి పాటా ఒకటే అయితే ఎవరు రికార్డు చేసుకుంటారు? 1977 మే 8న కార్నెల్ విశ్వవిద్యాలయంలో వాయించిన ఒక్క రాత్రి రికార్డింగ్‌ని అమెరికా లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ తన జాతీయ జాబితాలో చేర్చుకుంది.

ఇక్కడ ఇంకో రకం మిత్రులు లేస్తారు. "ఇదంతా మన మనోధర్మమే, వాళ్ళు మన దగ్గరే నేర్చుకున్నారు" అని. కొంత నిజం. డెడ్ డ్రమ్మర్ మికీ హార్ట్ అల్లా రఖా దగ్గర నేర్చుకున్నాడు, జాకిర్ హుస్సేన్‌తో కలిసి 1976లో దిగా రిథమ్ బ్యాండ్ ఆల్బమ్ చేశాడు. సరే, బాగుంది. మరి కచేరీలో తని ఆవర్తనం మొదలవగానే క్యాంటీన్‌కి లేచేదెవరు? పద్యనాటకంలో రాగం తీస్తే 'వన్స్‌మోర్' అన్న ఊళ్ళ వాళ్ళం, ఇప్పుడు అదే రాగాన్ని కామెడీ స్కిట్‌లో వెక్కిరిస్తున్నాం. తాతల ఆస్తి చూపించి గొప్పలు పోతే సరిపోదు. కూర్చోవాలి, ఓపిగ్గా వినాలి. కుదరని నాలుగు నిమిషాలు కూడా వినాలి.

ఆ జనం మహానుభావులని కాదు. సగం మంది కబుర్లే చెప్పుకుంటున్నారు, కొందరు మత్తులో ఉన్నారు. అయినా ఆగడం వాళ్ళకి తెలుసు. మనకి, రీల్‌లో పదిహేను సెకన్ల హుక్ విని పాట విన్నాననుకునే మనకి, పోతున్నది సరిగ్గా అదే. ఆగే శ్రోత లేకపోతే, రేపు మన కుర్రాడెవడైనా స్టేజీ మీద కొత్త సంగతి వెయ్యబోయి మధ్యలో మింగేస్తాడు. అది మనం ఎప్పటికీ వినం.

మావాడు రైలు అందుకోవడానికి వెళ్ళిపోయాడు. నేనుండిపోయాను. ఇరవై రెండో నిమిషంలో పాట తిరిగి పల్లవికొచ్చింది. రాత్రి ఫోన్ చేసి చెప్తే "అంటే, అప్పటిదాకా అదే పాటా?" అన్నాడు.

అదే పాటరా. నువ్వే లేవు.