ఇంట్లో ఉన్నాయి కదా!

క్లేటన్ లో ఇద్దరు తెలుగువాళ్ళు కలిస్తే ఒకప్పుడు వీసాల గురించీ, కాంట్రాక్టు రేట్ల గురించీ మాట్లాడుకునేవాళ్ళు. ఇప్పుడు సరుకుల ధరలు. కోల్స్ లో ఇంతైంది, ఉల్వర్త్స్ లో అంతైంది అని ఒకటే గోల. గోలలో న్యాయం లేకపోలేదు లెండి. దేశం మొత్తం సూపర్ మార్కెట్ అమ్మకాల్లో 67 శాతం ఆ రెండు కంపెనీల చేతుల్లోనే ఉందని ఏసీసీసీ విచారణలో తేలింది (చివరి నివేదిక 2025 మార్చిలో వచ్చింది). కానీ ఏ కమిషనూ వచ్చి మన ప్యాంట్రీ తలుపు తీసి చూడదు కదా. నా గొడవ అక్కడ.

శనివారం పొద్దున్నే ఇండియన్ కొట్టుకి వెళ్ళేటప్పుడు మనం రాసుకునే చిట్టా చూడండి. అందులో ఉండేది ఇంట్లో లేనివి కాదు, ఇంట్లో ఎప్పుడూ ఉండాలని మనం అనుకునేవి. కందిపప్పు, మినప్పప్పు, ఇడ్లీ రవ్వ, సేమ్యా. ఇంటికొచ్చి చూస్తే కందిపప్పు పాకెట్లు రెండు ముందే తెరిచి రబ్బరుబ్యాండు వేసి ఉంటాయి!

2023 జూలై 20న బాస్మతి కాని తెల్లబియ్యం ఎగుమతిని భారత ప్రభుత్వం ఆపేసినప్పుడు చూశాం కదా. అమెరికాలో మనవాళ్ళు బియ్యం బస్తాల కోసం తోసుకున్న వీడియోలు అందరి ఫోన్లలోనూ తిరిగాయి. మా వీధిలోనూ కార్ల డిక్కీల్లోంచి బస్తాలు దిగాయి. 2024 సెప్టెంబర్లో ఆ నిషేధం ఎత్తేశారు. ఈలోగా కొందరి గరాజుల్లో బియ్యానికి పురుగు పట్టింది. కొరత భయంతో కొన్న బియ్యం చివరికి చెత్తబుట్టకే చేరింది.

మన వృత్తి భాషలో చెప్పాలంటే ఫ్రిజ్ అనేది క్యూ కాదు, స్టాక్. ఆఖరున పెట్టిందే ముందు బయటికొస్తుంది. మొదట పెట్టిన సొరకాయ ముక్క వెనక్కి పోయి, అక్కడే కుళ్ళి, వాసన వచ్చినప్పుడు గానీ గుర్తు రాదు. మా పక్కనే ఉన్న మోనాష్ విశ్వవిద్యాలయం పరిశోధకులతో కలిసి ఓజ్ హార్వెస్ట్ వాళ్ళు దీనికొక మందు కనిపెట్టారు. పసుపుపచ్చ టేపు! త్వరగా వాడాల్సిన వాటన్నిటినీ ఒక అరలో పెట్టి దానికి ఆ టేపు అంటించాలి, అంతే. నవ్వొస్తుంది గానీ పనిచేస్తుంది. 2021 నాటి జాతీయ అధ్యయనం లెక్కన ఆస్ట్రేలియాలో ఏడాదికి 76 లక్షల టన్నుల ఆహారం వృథా అవుతోంది, అందులో సుమారు మూడో వంతు ఇళ్ళ నుంచే.

టేపు లేకుండానే మన అమ్మలు చేసిన పని ఇది. బీరకాయ కూరకి, బీరపొట్టు పచ్చడికి. మిగిలిన ఇడ్లీలు ఉప్మాకి, పులిసిన పెరుగు మజ్జిగపులుసుకి, మరీ పులిసిన దోశపిండి పునుగులకి. ఇప్పుడు అదే పని చేస్తే "ఏంటి గురూ, ఇంత పిసినారితనం" అంటాడు మా మిత్రుడొకడు. మూడు వందల డాలర్ల బూట్ల మీద వాడికి లేని పట్టింపు పునుగుల దగ్గరెందుకో!

మా ఇంట్లో పద్ధతి ఇది. బుధ, గురు, శుక్రవారాలు కొత్త సరుకు రాదు, పాలూ పెరుగూ తప్ప. ఎక్సెల్ లో రాసుకున్న లెక్క ప్రకారం నలుగురికి వారానికి 260 డాలర్లయ్యే ఖర్చు 190 దగ్గర నిలబడింది. ఒక సంగతి మాత్రం చెప్పాలి. ఉన్నవాటితో ఏం వండాలా అని ఆలోచించడమే అసలు పని, గరిటె తిప్పడం తర్వాత. పొదుపు గురించి మొగుడు ఉపన్యాసమిచ్చి ఆ ఆలోచనంతా పెళ్ళాం నెత్తిన పెడితే అది పొదుపు కాదు, ఖర్చు ఆవిడ ఖాతాలోకి మార్చడం. అందుకని ఆ మూడు రోజుల వంట నాది.

తేదీల విషయం కూడా. పాకెట్ మీద 'బెస్ట్ బిఫోర్' దాటితే రుచి కాస్త తగ్గొచ్చు గానీ పప్పు పారేయక్కర్లేదు. 'యూజ్ బై' దాటింది మాత్రం తినకండి, దాన్ని ఇక్కడ అమ్మడానికే వీల్లేదు. మిగిలిన అన్నం పొయ్యి పక్కన రాత్రంతా వదిలెయ్యకుండా త్వరగా ఫ్రిజ్ లో పెట్టండి.

ఇదంతా ప్యాంట్రీ నిండా సరుకులున్నవాళ్ళకి. మోనాష్ లో చదువుకుంటూ, క్లాసులు జరిగే రోజుల్లో రెండు వారాలకి 48 గంటలు మించి పని చెయ్యకూడదన్న వీసా నిబంధన కింద బతికే కుర్రాళ్ళకి "ఇంట్లో ఉన్నదాంతో వండుకో నాయనా" అని చెబితే వెటకారమే. గరాజులో రెండో బస్తా ఉన్నవాళ్ళు, పురుగు పట్టకముందే అది వాళ్ళ గదికి చేర్చండి. నేను రెండుసార్లు చేర్చాను, ఎవరూ చిన్నబుచ్చుకోలేదు. రెండోసారి చారు కూడా పోశారు.

అన్నట్టు, మా ఇంట్లో సగం డబ్బా రాగిపిండి మిగిలింది. సంకటి పిల్లలు ముట్టరు, జావ నేను తాగలేను. ఇంకేం చెయ్యొచ్చో తెలిస్తే చెప్పండి, బుధవారం లోపు.