ఫోన్ మనదే, పలుపు ఎవరి చేతిలో?

పోయిన ఎండాకాలం ముచ్చట. చేవెళ్ల మండలంలో ఒక ఊరి చెరువు కట్ట కింద పొద్దున్నే నలభై మంది ఆడవాళ్లు వరుస కట్టి నిలబడ్డారు. పారలు, తట్టలు పక్కన పడి ఉన్నాయి. మేటు ఫోన్ పైకి పట్టుకుని కట్ట మీద అటూ ఇటూ నడుస్తున్నది. "జర ఆగుండ్రి, ఇంక తిరుగుతనే ఉంది" అంటున్నది. సిగ్నల్ లేదు. ఎండ నెత్తికెక్కుతున్నది. తట్టెడు మట్టి ఎత్తకముందే గంట గడిచింది. మధ్యాహ్నం మళ్లీ ఇదే తంతు. ఫోటో ఎక్కితే కూలి, ఎక్కకపోతే లేదు. వరుసలో ఉన్న ఒక ముసలామె మాతో అన్నది: "పని చేసేది చేతులు బిడ్డా, కూలి మాత్రం మొకానికి ఇస్తరట."

ఇది ఒక్క ఊరి ముచ్చట కాదు. ఉపాధి హామీ పనికి కేంద్ర ప్రభుత్వం 2021లో ఎన్‌ఎంఎంఎస్ అనే యాప్ తెచ్చింది. 20 మంది, అంతకు మించి కూలీలున్న చోట 2022 మే 16 నుంచి, అన్ని చోట్లా 2023 జనవరి 1 నుంచి దాన్ని తప్పనిసరి చేసింది. రోజుకు రెండు ఫోటోలు. ఏ చోట తీశారు, ఎన్ని గంటలకు తీశారు అన్నది కూడా ఫోటోతో పాటే పోతుంది. మస్టర్ కాగితం మేటు సంచిలో ఉన్నన్నాళ్లు కూలీ దాన్ని అడిగి చూసేది. తప్పు కనబడితే కొట్లాడేది. హాజరు ఫోన్లోకి పోయినంక ఎవరితో కొట్లాడాలి? కట్ట మీద నిలబడ్డ మేటు కూడా మన వాడ పిల్లే. ఆమె చేతిలో మీట తప్ప అధికారం లేదు.

మన అడుగులు లెక్కబెట్టడం ఇయ్యాల మొదలైంది కాదు. పీష్వాల రాజ్యంలో పూనా వీధుల్లో అంటరానివాడు మెడకు ముంత, నడుముకు చీపురు కట్టుకుని నడవాలన్నారు. నేల మీద వాడి అడుగుజాడ మిగలకూడదన్నారు. 1871లో బ్రిటిష్ వాళ్లు నేరస్థ జాతుల చట్టం చేసి, కొన్ని కులాలను పుట్టుకతోనే దొంగలని రాసి, పోలీసుల ముందు హాజరు వేయించారు. ఎరుకల వాళ్లను స్టువర్టుపురం సెటిల్మెంటులో పెట్టింది ఆ వరస చట్టం కిందే. అది 1952లో గానీ పోలేదు. అప్పుడు అడుగుజాడను చీపురుతో చెరిపించారు. ఇప్పుడు అదే అడుగుజాడను మన డబ్బుతో కొన్న ఫోన్‌తో మన చేతనే రాయిస్తున్నారు.

దొంగ మస్టర్లు ఆపడానికే యాప్ అన్నారు. ఆగాయా? కేంద్ర గ్రామీణాభివృద్ధి శాఖే 2025 జూలైలో రాష్ట్రాలకు రాసింది: పనికి సంబంధం లేని ఫోటోలు ఎక్కిస్తున్నారు, పాత ఫోటోకే మళ్లీ ఫోటో తీసి పెడుతున్నారు అని. దొంగకు యాప్ అడ్డం రాలేదు. అడ్డం పడింది సిగ్నల్ లేని కట్ట కింద నిజంగా మట్టి మోసిన ఆడమనిషికే.

దొంగ మస్టర్‌ను పట్టుకునే ఉపాయం మనకు ముందే తెలుసు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2006 నుంచి ఉపాధి పనికి సామాజిక తనిఖీ చేశారు. ఊరి పిల్లలే ఇంటింటికి పోయి జాబ్‌కార్డు చూసి, గ్రామసభలో మస్టర్ పైకి చదివారు. "ఫలానా ఆయన పన్నెండు రోజులు పని చేసిండు" అని చదివితే, "ఆయన సచ్చి రెండేండ్లాయె" అని వెనక నుంచి ఒక అవ్వ లేచేది. దానికి కరెంటు అక్కర్లేదు, సిగ్నల్ అక్కర్లేదు. నోరు, చెవి, నలుగురు కూడే చోటు ఉంటే చాలు. అందులో కూలీ అధికారి లెక్కను చూసింది. యాప్‌లో అధికారి కూలీ మొకాన్ని చూస్తున్నాడు. చూపు తిరగబడింది. అసలు గొడవ ఇక్కడే ఉంది.

చట్టం కూడా అటే తిరిగింది. 2023లో చేసిన డేటా రక్షణ చట్టం సమాచార హక్కు చట్టంలోని 8(1)(జె) సెక్షన్‌ను మార్చింది. 2025 నవంబర్ నుంచి ఆ మార్పు అమలులోకి వచ్చింది. మస్టర్ నకలో, లబ్ధిదారుల జాబితానో అడిగితే "ఇది వ్యక్తిగత సమాచారం" అని తిప్పి పంపడం సులువైంది. మన మొకం వాళ్లకు కావాలి, వాళ్ల లెక్క మాత్రం మనకు వద్దట! ఆ తర్వాతి నెలలోనే ఉపాధి హామీ చట్టం స్థానంలో కొత్త చట్టాన్ని పార్లమెంటు ఆమోదించింది. చట్టం పేరు మారింది గానీ ఫోన్ హాజరు ఆలోచన మారలేదు.

కంప్యూటర్ తప్పు చేస్తే దండన ఎవరికి పడుతుందో రేషన్ కార్డుల కథ చెబుతుంది. తెలంగాణలో దాదాపు 19 లక్షల కార్డులు కంప్యూటర్ లెక్కలను నమ్ముకుని, నోటీసు కూడా లేకుండా రద్దయ్యాయి. కేసు సుప్రీంకోర్టు దాకా పోయింది. ఇంటింటికి పోయి మళ్లీ విచారణ చేయాలని 2022 ఏప్రిల్‌లో కోర్టు చెప్పాల్సి వచ్చింది. ఊరి రెవెన్యూ మనిషి ఒక్కపూట తిరిగితే తెలిసే సంగతి అది.

ఇక మన సొంత ఫోన్ సంగతి. ఏ ఫోనైనా ఆన్‌లో ఉంటే దగ్గరి టవర్‌కు "నేను ఇక్కడున్నా" అని చెబుతూనే ఉంటుంది. ఎవరికి చేశాం, ఎంతసేపు మాట్లాడాం అన్న రికార్డును కంపెనీలు కనీసం రెండేళ్లు దాచాలని 2021 డిసెంబర్‌లో కేంద్రం నిబంధన పెట్టింది. ఇది మీటల ఫోన్‌కూ వర్తిస్తుంది. కాబట్టి మీటల ఫోన్ పట్టుకుంటే మాయమైపోతామని ఎవరూ అనుకోవద్దు. అయితే పెద్ద ఫోన్ చేసే పని ఇంకా చాలా ఉంది. ఒక్కో యాప్ మన నంబర్ల జాబితా, ఫోటోలు, తిరిగిన చోట్లు అడుగుతుంది. మనం చదవకుండా "సరే" నొక్కుతాం. 2020 చివర్లో అప్పుల యాప్‌ల వాళ్లు చేసిందేమిటి? మూడు వేలు, ఐదు వేలు చేతిలో పెట్టి, ఫోన్లోని నంబర్లన్నీ గుంజుకున్నారు. కిస్తీ తప్పితే మేనమామకు, వియ్యపురాలికి, పని ఇచ్చే సేటుకు "వీడు దొంగ" అని పంపారు. ఆ అవమానానికి తెలంగాణలో ప్రాణాలు తీసుకున్న వాళ్లున్నారు. పాత వడ్డీ వ్యాపారి మన గడప ముందే అరిచేవాడు. వీడు వంద గడపల ముందు ఒక్కసారే అరిచిండు. ఆ వంద గడపల తాళంచెవి మనమే ఇచ్చినం.

పెద్దోళ్లకైనా ఈ బాధ తప్పిందా? 2022 అక్టోబర్ 26 రాత్రి మన మొయినాబాద్ దగ్గర ఫామ్‌హౌస్‌లో ఏం జరిగిందో దేశమంతా చూసింది. నలుగురు ఎమ్మెల్యేలను కొనజూశారన్న కేసులో గదిలో దాచిన కెమెరాలు, మాటలు పట్టే యంత్రాలు, ఫోన్ సంభాషణలే సాక్ష్యాలుగా టీవీలకెక్కాయి. 2024 మార్చిలో ఫోన్ ట్యాపింగ్ కేసు బయటపడి, నిఘా విభాగం పోలీసు అధికారులే అరెస్టయ్యారు. నాయకుల, జడ్జీల, పత్రికల వాళ్ల ఫోన్లు విన్నారన్నది ఆరోపణ. నిజమేదో కోర్టు తేల్చాలి. కానీ ఎమ్మెల్యే ఫోన్‌కే భద్రం లేదని భయపడే రాష్ట్రంలో, భూమి కోసం, కూలి కోసం కొట్లాడే వాడ సంఘం తన ముచ్చట్లన్నీ ఒక్క గ్రూపులో పెట్టుకుని నిద్రపోవడం ఏం తెలివి? గ్రూపులో ఒక్కరి ఫోన్ ఎవరి చేతికి చిక్కినా అందరి మాటలూ చిక్కినట్టే.

అయితే ఫోన్ పారేయమంటున్నామా? లేదు. గుడిలోకి రానీయకపోతే, హోటల్లో వేరే గ్లాసు పెడితే, ఊరి బాట మూసేస్తే ఇయ్యాల మన పిల్లలు జేబులోంచి ఫోన్ తీస్తున్నారు. అది సాక్ష్యం. పాత వస్తువైనంత మాత్రాన అన్నీ మంచివీ కావు. డప్పు పాతదే, కానీ దొర చెప్పిన చాటింపు వెట్టికి వేయడం కూడా పాతదే. 1994లో దండోరా ఉద్యమం ఆ డప్పునే తన మాట చెప్పడానికి ఎత్తుకున్నది. డప్పు మారలేదు, కొట్టించే చెయ్యి మారింది. ఫోనైనా, కంప్యూటరైనా మనం అడగాల్సింది ఈ ఒక్క ప్రశ్నే: కొట్టించే చెయ్యి ఎవరిది?

ఈ ప్రశ్నకు జవాబు చెప్పిన ఆడవాళ్లు మనకు దూరంగా లేరు. శంకర్‌పల్లి, సదాశివపేట దాటిపోతే జహీరాబాద్ వస్తుంది. అక్కడ మాచనూరులో దళిత ఆడవాళ్లు తమ సొంత రేడియో నడిపారు. దాని పేరు సంఘం రేడియో. గాలిలో పోయే తరంగాలు ప్రజల ఆస్తి అని సుప్రీంకోర్టు 1995లోనే చెప్పింది. డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ సంఘాల ఆడవాళ్లు యునెస్కో సాయంతో 1998 నాటికి రేడియో సామాను సమకూర్చుకున్నారు. కానీ ఢిల్లీ లైసెన్సు ఇవ్వలేదు. వాళ్లు చేతులు కట్టుకుని కూచోలేదు. పాటలు, విత్తనాల ముచ్చట్లు, మందాకుల సంగతులు క్యాసెట్లలో ఎక్కించి, సంఘం కూడిన చోట వినిపించారు. పదేళ్లు అట్లా నడిపారు. చివరికి 2008 అక్టోబర్ 15న 90.4 మీద గాలిలోకి ఎక్కారు. చుట్టూ పాతిక కిలోమీటర్ల మేర వాళ్ల మాట వినిపించింది. బడి మొకం అంతగా చూడని చేతులే మైకు పట్టాయి, మీటలు తిప్పాయి.

రేడియో గుణం ఒకటి చూడండి. అది ఊరికంతా మాట్లాడుతుంది, ఎవరు విన్నారో మాత్రం రాసుకోదు. వినే ఆమె పేరు, ఇల్లు, ఎన్ని గంటలకు ఆపింది అన్నది ఏ పుస్తకంలోనూ పడదు. సొంత చోట సొంత సామాను అంటే ఇంకే పెద్ద రహస్యం కాదు. ఆ ఆడవాళ్లే విత్తనాల్లో చేసి చూపారు. గింజలు సేటు గోదాములో పెడితే నాటే కాలానికి సేటు గుమ్మం ముందు నిలబడాలి. మన గుమ్మిలో పెట్టుకుంటే మనదే లెక్క. కంప్యూటర్ కూడా అంతే. పాత కంప్యూటర్ ఒకటి సంఘం గదిలో పెట్టి, ఫ్రీడమ్‌బాక్స్ వంటి స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ ఎక్కిస్తే, మన కాగితాలు, ఫోటోలు, పాటలు మన గదిలోనే ఉంటాయి. ఆ సాఫ్ట్‌వేర్‌కు పైసా కట్టనక్కర్లేదు. దాన్ని తయారు చేసే వాళ్లలో తెలుగు ఇంజనీర్లూ ఉన్నారు. గుమ్మికి ఎలుకలు పడతాయి, పెట్టెకు కరెంటు పోతుంది, డిస్కు చెడుతుంది. అందుకే రెండో ప్రతి ఇంకో ఊరి సంఘంలో ఉండాలి. చూసుకునే పిల్లలు ఇద్దరు తయారు కావాలి. చేవెళ్లలో, మొయినాబాద్‌లో డిగ్రీ చదివి ఫామ్‌హౌస్ గేటు కాస్తున్న పిల్లలున్నారు. ఈ పని వాళ్లకు నేర్పాలి.

పరాయి చేతిలో మన మాట పెట్టకూడదన్నది మన పెద్దల నుంచి వచ్చిన తెలివే. 1920లో 'మూక్‌నాయక్' పెడుతున్నప్పుడు డబ్బు కడతామన్నా 'కేసరి' పత్రిక ఆ ప్రకటన వేయలేదు. అంబేడ్కర్ ఆగలేదు. 1931లో హైదరాబాద్‌లో భాగ్యరెడ్డివర్మ 'భాగ్యనగర్' పత్రిక పెట్టారు. 'నలుపు' పక్షపత్రిక చేతులు మారి మారి వాడలకు చేరింది. ఏ పాఠకుడు ఏ పేజీ దగ్గర ఆగాడో ఆ కాగితం ఎవరికీ చెప్పలేదు.

సంఘాల ముందు మేం కొన్ని పనులు పెడుతున్నాం. ఒకటి, సంఘం తీర్మానాలు, చందా లెక్క, భూమి కాగితాల నకళ్లు రిజిస్టర్‌లో ఉండాలి. ఫోన్లో ఉన్నవి పోయినా ఇవి మిగలాలి. రెండు, ముఖ్యమైన పది నంబర్లు ప్రతి ఇంట్లో గోడ మీద రాసి ఉండాలి. మూడు, కూటమికి పిలుపు ఫోన్లో ఇవ్వండి, అసలు మాట కూడిన చోటే మాట్లాడండి. ఆ పూట ఫోన్లన్నీ పక్క గదిలో పెట్టండి. నాలుగు, అక్కర లేని యాప్‌లు తీసేయండి, అప్పు ఇస్తానన్న యాప్‌ను ముట్టుకోవద్దు. మాట్లాడటానికే ఫోన్ కావాల్సిన పెద్దవాళ్లకు మీటల ఫోనే చాలు. ఐదు, అన్యాయం మీద తీసిన వీడియోను ఆ రోజే రెండు మెమరీ కార్డుల్లోకి ఎక్కించి, తేదీ, చోటు కాగితం మీద రాసి, ఇద్దరి దగ్గర దాచండి. ఆరు, మస్టర్ కాగితం మీద లేకపోయినా మన నోటుబుక్కులో ఉండాలి. ఎవరు వచ్చారు, ఎన్ని గంటలకు, ఎంత పని అన్నది రోజూ రాసి, సాయంత్రం నలుగురి ముందు చదవండి.

ప్రభుత్వాన్ని అడిగేది ఒక్కటే. ఫోన్ లేదని, ఫోటో ఎక్కలేదని, వేలిముద్ర పడలేదని ఏ పేదవాడి కూలీ, బియ్యం, పింఛనూ ఆగకూడదు. యంత్రం పక్కన కాగితం దారి ఎప్పుడూ తెరిచి ఉండాలి. మేం లెక్కకు వ్యతిరేకం కాదు. 2024 నవంబర్‌లో కులగణన వాళ్లు గడపకు వస్తే మన వాళ్లు పేరు, కులం చెప్పి రాయించుకున్నారు. హక్కు కోసం చేసే లెక్క వేరు, వెంట తిరిగే నిఘా వేరు.

చేవెళ్ల, మొయినాబాద్‌లు 2025లో మున్సిపాలిటీలయ్యాయి. వాటిలో కలిసిన ఊళ్లకు ఉపాధి పని వర్తించదు. మనవాళ్లు ఫామ్‌హౌస్‌లకు, పూల షెడ్లకు, పట్నం అడ్డాలకు పోతున్నారు. అక్కడా గేటు మీద కెమెరా ఉంది, జేబులో యాప్ ఉంది. చోటు మారినా పలుపు వెంట వస్తున్నది. ఆ చెరువు కట్ట ఆడవాళ్లు ఇప్పుడు నూరు పేజీల నోటుబుక్కు ఒకటి కొన్నారు. మేటు పిల్లే రాస్తున్నది, సాయంత్రం ముసలామె చదివించి వింటున్నది. తన పేరు వచ్చినప్పుడు "ఉన్న" అంటున్నది. ప్రతి వాడలో ఇట్లాంటి నోటుబుక్కు ఒకటి తెరవండి.